గుంపును వదులుకున్నవారు, గుంపును పోగుచేసుకున్నవారు



బాలాపూర్ లడ్డూ వేలంపాట గురించి తెలియనివారు మన ప్రాంతంలో ఉండరు. 1994లో 450 రూపాయలతో మొదలైన ఆ పాట 2019 నాటికి 17 లక్షల 60 వేల రూపాయలకు చేరింది. నిమజ్జనం నాటి ఉదయం ఊరి నడిబొడ్డున పాట మొదలయ్యిందంటే ఇసుక వేస్తే రాలనంత జనం. టీవీ కెమెరాలు, నాయకులు, చుట్టుపక్కల కాలనీల వాళ్లు అందరూ అక్కడే. అయితే 2020లో ఆ పాట జరగలేదు. కరోనా వ్యాపిస్తున్నందున ఉత్సవ సమితి వారు వేలాన్ని రద్దు చేసుకుని, లడ్డూను అప్పటి ముఖ్యమంత్రి కె. చంద్రశేఖరరావుగారికి అందజేశారు. పాతికేళ్లుగా పెరుగుతూ వచ్చిన పేరును, ఊరి పనులకు అక్కరకు వచ్చే సొమ్మును ఆ ఏడాదికి పక్కన పెట్టారు.

ఆ ఏడాది ఇలా గుంపును వదులుకున్నవారు ఇంకా ఉన్నారు. ఏప్రిల్ 2న భద్రాచలంలో సీతారాముల కల్యాణం భక్తులు లేకుండా జరిగింది. ముస్లిం సోదరులు రంజాన్ నెల నమాజులు ఇళ్లలోనే చేసుకున్నారు. ఖైరతాబాద్ గణపతి తొమ్మిది అడుగులకు తగ్గాడు. మన శ్రీసభ విషయానికి వస్తే, మార్చి 27న ఫ్రాన్సిస్ పాపుగారు వాన చినుకుల మధ్య, ఒక్క విశ్వాసి కూడా లేని పునీత పేతురు ప్రాంగణంలో నిలబడి లోకం కోసం ప్రార్థించారు. ఏప్రిల్ 12న వచ్చిన ఈస్టరు పండుగను మన విచారణల్లో తలుపులు మూసుకునే జరుపుకున్నాం. జనం రావాలని కోరుకునే చోట్లన్నీ జనాన్ని రావద్దన్నాయి. పొరుగువాని ప్రాణం తమ పండుగకన్న పెద్దదని ఒప్పుకున్నాయి.

సరిగ్గా అవే రోజుల్లో మరికొందరు గుంపును పోగుచేసుకునే పనిలో ఉన్నారు. వీధిలో కాదు, ఫోనులో. వీరినే నేడు ఇన్‌ఫ్లుయెన్సర్లు అంటున్నాం. అనగా సోషల్ మీడియాలో వేలమందిని, లక్షలమందిని వెనుక పెట్టుకుని, తమ మాటతో వారిని ప్రభావితం చేయగలిగినవారు. లాక్‌డౌన్ కాలంలో వీరిలో కొందరి ప్రవర్తన చూసి చాలా కుటుంబాలకు విసుగు, కోపం కలిగాయి. ఆ కోపంలో ఎంత న్యాయం ఉంది? అందులో మన పాలు ఎంత? ఈ వారం ఈ రెండు ప్రశ్నలను పరిశీలిద్దాం.

ఉమ్మెత్త గింజలు

ఉమ్మెత్త మొక్క మన చెరువుగట్ల మీద, ఖాళీ ప్లాట్లలో తనంతట తానే మొలుస్తుంది. గుండ్రటి కాయ, ఒళ్లంతా ముళ్లు. మన పెద్దలు పిల్లల్ని ఆ మొక్క దగ్గరికి పోనిచ్చేవారు కాదు. కారణం లేకపోలేదు. ఆ గింజల్లో అట్రోపిన్, స్కోపలమిన్ అనే విషపదార్థాలుంటాయి. అవి కడుపులోకి పోతే నోరెండిపోతుంది, కంటిపాప పెద్దదై చూపు మసకబారుతుంది, గుండె దడదడలాడుతుంది, మతి చలించి లేనిపోనివి కనబడతాయి. మోతాదు మించితే ప్రాణమే పోతుంది.

2020 ఏప్రిల్ మొదటివారంలో చిత్తూరు జిల్లా బైరెడ్డిపల్లె మండలంలో రెండు కుటుంబాలకు చెందిన పదిమందికి పైగా ఆ గింజల రసం తాగి ఆసుపత్రి పాలయ్యారు. అది తాగితే కరోనా రాదని ఒక టిక్‌టాక్ వీడియోలో చూశామని వారు చెప్పారు. ఉమ్మెత్తకాయ చూడటానికి టీవీలో చూపించే కరోనా బొమ్మలాగే ఉంటుంది గదా, కనుక దానికిదే మందు అన్నది ఆ వీడియో తర్కం. సకాలంలో వైద్యం అందబట్టి వారు బతికి బయటపడ్డారు.

ఆలోచించి చూడండి. ఆ ఊరివాళ్లకు ఉమ్మెత్త విషమని తెలియదా? మనకన్న బాగా తెలుసు. తాతల నాటి నుంచి తెలిసిన సంగతిని ఒక నిమిషం వీడియో తుడిచిపెట్టింది. ఎందువల్ల? అప్పటికి లాక్‌డౌన్ పెట్టి రెండు వారాలు. టీకా లేదు, మందు లేదు, ఊరు దాటే దారి లేదు. భయంలో ఉన్న మనిషికి "తెలియదు" అని నిజాయితీగా చెప్పే డాక్టరు కంటే, "ఇదిగో మందు" అని ధైర్యంగా చెప్పే ముఖమే దగ్గరగా కనిపించింది.

దానికి రెండు నెలల ముందు, అదే చిత్తూరు జిల్లాలో మరింత విషాదం జరిగింది. ఒక రైతు తనకున్న మామూలు జబ్బునే కరోనా అనుకున్నాడు. ఫోనులో చైనా వీడియోలు పదేపదే చూశాడు. తనవల్ల ఇంట్లోవాళ్లకు, ఊరికి అంటుకుంటుందన్న భయంతో ప్రాణం తీసుకున్నాడు. అప్పటికి ఆంధ్రప్రదేశ్‌లో ఒక్క కరోనా కేసు కూడా లేదు. వ్యాధి రాకముందే వ్యాధి భయం వచ్చి ఒక మనిషిని తీసుకుపోయింది. ఆ వీడియోలు పెట్టినవారికి ఈ సంగతి ఏనాటికీ తెలిసి ఉండదు. ఈ కొత్త మాధ్యమంలో ఉన్న పెద్ద ప్రమాదం ఇదే. మాట అన్నవాడికి, ఆ మాట తగిలినవాడి ముఖం కనబడదు.

కోడిమాంసం సంగతి కూడా గుర్తుండే ఉంటుంది. కోడి తింటే కరోనా వస్తుందన్న పుకారు ఫోనుల్లో తిరిగి అమ్మకాలు పడిపోయాయి. ఆ భయం పోగొట్టడానికి 2020 ఫిబ్రవరి 28న తెలంగాణ మంత్రులు హైదరాబాదులో బహిరంగ వేదికనెక్కి చికెన్ తిని చూపించవలసి వచ్చింది. ఊరూ పేరూ లేని ఒక మెసేజీకి జవాబు చెప్పడానికి ప్రభుత్వమే వేదిక కట్టుకోవలసి వచ్చిందన్నమాట. ప్రపంచ ఆరోగ్య సంస్థ అధిపతి అదే నెలలో, మనం పోరాడుతున్నది వ్యాధితోనే కాదు, తప్పుడు సమాచారపు మహమ్మారితో కూడా అని హెచ్చరించారు.

మనకు కోపం ఎందుకు వచ్చింది?

అందరూ తప్పుడు మందులు చెప్పలేదు. చాలామంది చేసింది వేరు. నురగ తేలిన డల్గోనా కాఫీ గిలకొట్టి చూపించారు. కొత్త వంటలు, కొత్త డాన్సులు, మేడమీద వ్యాయామాలు చూపించారు. 2020 ఏప్రిల్‌లో దర్శకుడు సందీప్ రెడ్డి వంగా మొదలుపెట్టిన సవాలును రాజమౌళిగారు అందుకోగా, పెద్దపెద్ద తారలు ఇల్లు ఊడ్చి, గిన్నెలు తోమి వీడియోలు పెట్టారు. మగవాడు ఇంటిపనిలో చేయి వేయాలన్న మాట మంచిదే. చూసి నవ్వుకున్నాం, కొందరం నేర్చుకున్నాం కూడా.

కానీ అదే నెలలో మన కళ్లముందు ఏం జరుగుతోంది? మార్చి 25న దిల్‌సుఖ్‌నగర్, అమీర్‌పేట హాస్టళ్ల పిల్లలు పెట్టెలు పట్టుకుని పోలీసు స్టేషన్ల ముందు పాసుల కోసం బారులు తీరారు. పాసులు దొరికి ఊరికి బయలుదేరినవారు ఆంధ్ర సరిహద్దులో గరికపాడు దగ్గర గంటల తరబడి రోడ్డుమీద నిలిచిపోయారు. అపార్ట్‌మెంట్ల గేట్లు పనివాళ్లకు మూతపడ్డాయి. అడ్డామీది కూలీకి పని లేదు. తెల్లకార్డున్న కుటుంబానికి ప్రభుత్వం మనిషికి పన్నెండు కిలోల బియ్యం, ఇంటికి 1,500 రూపాయలు ఇచ్చింది. ఆ బియ్యంతోనే నెల గడిపిన ఇళ్లు మన విచారణల్లో ఉన్నాయి. ఒడిశా, బీహారు, ఝార్ఖండ్ కూలీలు మండుటెండలో జాతీయ రహదారి వెంట నడిచారు. లింగంపల్లి నుంచి ఝార్ఖండ్‌లోని హతియాకు దాదాపు 1,200 మందితో మొదటి శ్రామిక రైలు కదిలింది మే 1న. అప్పటికి లాక్‌డౌన్ పెట్టి అయిదు వారాలు దాటింది.

మన కోపానికి మూలం ఇక్కడ ఉంది. నవ్వడం తప్పు కాదు. వంట చేసుకోవడం తప్పు కాదు. పక్కింట్లో పొయ్యి వెలగలేదని తెలిసి కిటికీ తెరిచి విందు చూపించడం తప్పు. మన పల్లెల్లో చావు జరిగిన వీధిలో పెళ్లి మేళం మోగించరు. మోగించవలసి వస్తే ఆ ఇంటి ముందు డప్పు ఆపి నడుస్తారు. దీనికి చట్టం లేదు, ఎవరూ జరిమానా వేయరు. ఒకరి దుఃఖం మరొకరి కంట పడుతుంది కనుక ఆ మర్యాద పుట్టింది. ఫోనులో ఆ వీధి కనబడదు. 2021 ఏప్రిల్‌లో రెండో ఉధృతి వచ్చి, ఆక్సిజన్ సిలిండరు కోసం జనం పరుగులు పెడుతున్న రోజుల్లో కూడా కొందరు సినీతారలు మాల్దీవుల సముద్రతీరం నుంచి ఫోటోలు పెడుతూ వచ్చారు. అప్పుడు సినిమారంగంలోనే కొందరు వారిని మందలించారు.

వేలు చూపిన వీడియోలు

విందు చూపించినవారికంటే ఎక్కువ కీడు చేసినవారు వేరే ఉన్నారు. వారు నేరస్థుణ్ణి చూపించారు. ఢిల్లీలోని నిజాముద్దీన్ మర్కజ్ సమావేశానికి వెళ్లివచ్చిన కొందరికి వ్యాధి సోకిందని తెలియగానే, ఒక మతంవారంతా కావాలనే వ్యాధి అంటిస్తున్నారన్న ప్రచారం లేచింది. ఒక ముసలి పండ్ల వ్యాపారి వేలు తడిచేసుకుని పండ్లు సర్దుతున్న వీడియో ఏప్రిల్‌లో దేశమంతా తిరిగింది. అది మధ్యప్రదేశ్‌లోని రాయ్‌సేన్‌లో, లాక్‌డౌన్‌కు ముందు ఫిబ్రవరిలో తీసినదని తరువాత తేలింది. తేలేలోపు జరగవలసిన కీడు జరిగిపోయింది. కొత్తపేట పండ్ల మార్కెట్‌ను నమ్ముకుని తోపుడుబండి నడుపుకునే మనిషి దగ్గర పండు కొనడానికి ముందు పేరు అడగాలన్న ఆలోచనను ఆ వీడియో మన ఇళ్లలోకి తెచ్చింది.

ఇది మనకు దూరపు సంగతి కాదు. బాలాపూర్ పరిసరాల్లోనే, మయన్మార్ నుంచి ప్రాణాలరచేత పట్టుకుని వచ్చిన రోహింగ్యా శరణార్థుల గుడిసెలున్నాయి. అలాంటి బస్తీ మీదికి వేలు చూపడం చాలా సులువు. వారికి లక్షమంది ఫాలోవర్లు లేరు, జవాబు వీడియో పెట్టలేరు. ఈ దేశంలో మనం కూడా తక్కువ సంఖ్యలో ఉన్నవాళ్లమే. ఒక పుకారుతో ఒక సమాజం మీద నింద వేయడం ఎంత తేలికో మనకు ఒకరు చెప్పనక్కరలేదు.

ఈ వ్యాపారం నడిచే తీరు

వారు ఎందుకిలా చేశారు? అందరూ చెడ్డవారని అనలేం. వ్యాపారం నడిచే తీరు తెలిస్తే సగం అర్థమవుతుంది.

యూట్యూబ్ తన ప్రకటనల డబ్బులో వాటా ఇవ్వాలంటే 2018 నుంచి ఒక లెక్క పెట్టింది. ఛానల్‌కు కనీసం 1,000 మంది చందాదారులుండాలి. గత పన్నెండు నెలల్లో జనం ఆ వీడియోలు 4,000 గంటలు చూసి ఉండాలి. ఒక్కొక్కరు అయిదేసి నిమిషాలు చూస్తే 4,000 గంటలకు 48,000 సార్లు చూడాలి. ఆ గంటలు ఎవరివి? మనవే. పొలంలో కూలి చేసినవాడికి ఆసామి కూలి ఇస్తాడు. ఇక్కడ గంటలు మనవి, కూలి వారిది.

వీడియో ఎంతసేపు చూశారు, ఎంతమందికి పంపారు అన్నదే యంత్రానికి తెలుసు. సంతోషంతో చూశారా, భయంతో చూశారా, తిట్టుకుంటూ చూశారా అన్నది దానికి అక్కరలేదు. "సబ్బుతో చేతులు కడుక్కోండి" అన్న వీడియోను మనం ఒకసారి చూసి వదిలేస్తాం. "ప్రభుత్వం దాచిన రహస్యం" అన్నదాన్ని చివరిదాకా చూసి పదిమందికి పంపుతాం. కనుక నిజం చెప్పినవాడికంటే భయపెట్టినవాడికి ఎక్కువ గిట్టుబాటవుతుంది. కోపంతో "చూడండి వీడి నిర్వాకం" అని మనం పంపిన వీడియో కూడా వాడి ఖాతాలోనే జమ.

2021 మేలో నెల్లూరు జిల్లా కృష్ణపట్నంలో జరిగింది గుర్తు చేసుకోండి. ఆనందయ్యగారు ఉచితంగా ఇస్తున్న మందు గురించి యూట్యూబ్ ఛానళ్లు పోటీపడి వీడియోలు పెట్టాయి. కంటిలో చుక్కలు వేయగానే లేచి కూర్చున్నానని ఒక పెద్దాయన చెప్పిన వీడియో అంతటా తిరిగింది. మే 21న వేలమంది ఆ ఊరిమీద పడ్డారు. ఆక్సిజన్ అందక ఆయాసపడుతున్నవారిని సైతం అంబులెన్సుల్లో తెచ్చారు. పంపిణీ ఆపవలసి వచ్చింది. పది రోజులకు రాష్ట్ర ప్రభుత్వం కంటిచుక్కలు తప్ప మిగిలినవాటికి అనుమతి ఇచ్చింది. ఆ మందు గుణదోషాలు మన చర్చ కాదు. ఆ మందు తయారుచేసినాయన డబ్బు అడగలేదు. కెమెరా పట్టుకుని వెళ్లినవారు మాత్రం, రెండో ఉధృతి పతాకస్థాయిలో ఉండగా, రోగులను మందలు మందలుగా ఒకేచోటికి రప్పించారు. ఆ పెద్దాయన కొద్దిరోజులకే ఆసుపత్రిలో కన్నుమూశారు. ఆయన లేచి కూర్చున్న వీడియో చూసినవారిలో ఎంతమందికి ఆ తరువాతి వార్త చేరింది?

మంచి చేసినవారూ ఉన్నారు

న్యాయంగా మాట్లాడాలంటే ఈ మాట కూడా చెప్పాలి. చౌరస్తా బృందంతో కలిసి రామ్ మిర్యాల పాడిన కరోనా పాట, చేయి కలపకుండా దండం పెట్టడాన్ని పల్లెపల్లెకూ హాయిగా నేర్పింది. చిరంజీవిగారు తన పేరును ఉపయోగించి కరోనా క్రైసిస్ ఛారిటీ ద్వారా సినీ కార్మికుల ఇళ్లకు సరుకులు చేర్చే ఏర్పాటు చేశారు. రెండో ఉధృతిలో ఎందరో యువతీయువకులు ఏ ఆసుపత్రిలో పడక ఖాళీ ఉంది, ఎక్కడ ఆక్సిజన్ దొరుకుతుంది అని రాత్రింబగళ్లు వాకబు చేసి, నంబరు పనిచేస్తున్నదో లేదో తామే ఫోను చేసి చూసుకుని మరీ పోస్టు పెట్టారు. వారిలో చాలామంది పేర్లు మనకు తెలియవు.

వీరికీ వారికీ తేడా ఏమిటి? ఫోను ఒకటే, మాధ్యమం ఒకటే. ఒకరు తమ వెనుకనున్న గుంపును అవసరంలో ఉన్నవారి వైపు తిప్పారు. మరొకరు అవసరంలో ఉన్నవారిని తమ వైపు తిప్పుకున్నారు.

యోహాను సువిశేషం ఆరవ అధ్యాయంలో ఒక సంఘటన ఉంది. క్రీస్తుప్రభువు అయిదువేల మందికి రొట్టెలు పంచి ఆకలి తీర్చారు. కడుపునిండిన ఆ జనం ఆయనను బలవంతంగానైనా రాజును చేయాలనుకున్నారు. లోకం లెక్కలో అంతకన్న మంచి అవకాశం లేదు. ఆ సంగతి గ్రహించిన ప్రభువు ఒంటరిగా కొండమీదికి వెళ్లిపోయారు. ఆకలిగొన్న గుంపును చూసి ఆయన దూరం పోలేదు. ఆ గుంపు తనను పొగడటానికి లేచినప్పుడు దూరం జరిగారు. రొట్టె పంచడానికి గుంపు కావాలి, కిరీటానికి అక్కరలేదు. పలుకుబడి ఉన్న ప్రతివారికీ ఇదే కొలత.

మన చేతిలోని ఫోను

ఇంతవరకు చదివి, "నిజమే, వాళ్లకు బుద్ధి లేదు" అని పేజీ తిప్పవద్దు. 2023 మే 28న వాటికన్ సమాచార విభాగం సోషల్ మీడియాపై ఒక చింతనా పత్రాన్ని వెలువరించింది. తనను అనుసరించేవారు కొద్దిమందైనా, వేలమందైనా ప్రతి క్రైస్తవుడూ తనకున్న ప్రభావాన్ని గుర్తెరిగి ఉండాలని అందులోని ఒక ముఖ్యమైన బోధ.

మన ఇళ్లలో చూడండి. కుటుంబ గ్రూపులో ముప్పైమంది, వీధి గ్రూపులో వందమంది, మరియదళం గ్రూపులో నలభైమంది. ఊళ్లోని అమ్మమ్మకు యూట్యూబ్‌లో కనబడేవాడు పరాయివాడు. మనుమడు పంపిన మెసేజీ అలా కాదు. "మా వాడు పంపాడు, వాడు చదువుకున్నవాడు" అని నమ్ముతుంది. లక్షమంది ఫాలోవర్లున్నవాడికి లేని నమ్మకం మనకుంది. కనుక మన తప్పు వాడి తప్పుకంటే లోతుగా దిగుతుంది. 2020 ఏప్రిల్ 7న వాట్సాప్ సంస్థ, అప్పటికే చాలాసార్లు చేతులు మారిన మెసేజీని ఒకసారికి ఒక్కరికే పంపగలిగేలా కట్టడి చేసింది. యంత్రం పెట్టిన ఆ హద్దును మన మనస్సాక్షి ముందే పెట్టి ఉండవలసింది.

చట్టాలూ లేకపోలేదు. విపత్తు సమయంలో జనాన్ని భయపెట్టే తప్పుడు హెచ్చరిక వ్యాప్తి చేస్తే 2005 నాటి విపత్తు నిర్వహణ చట్టం 54వ సెక్షన్ కింద ఏడాది వరకు జైలు శిక్ష ఉంది. డబ్బు, బహుమతి, ఉచిత ప్రయాణం తీసుకుని ఒక వస్తువును పొగిడేవారు ఆ సంగతి స్పష్టంగా చెప్పాలని కేంద్ర వినియోగదారుల శాఖ 2023 జనవరిలో మార్గదర్శకాలిచ్చింది. తప్పుదారి పట్టించే ప్రకటనకు పది లక్షల వరకు, మళ్లీ చేస్తే యాభై లక్షల వరకు జరిమానా వేయవచ్చు. అదే ఏడాది ఆగస్టులో ప్రకటనల ప్రమాణాల మండలి, ఆరోగ్య సలహాలిచ్చే ఇన్‌ఫ్లుయెన్సర్లు తమ చదువేమిటో చెప్పాలంది. ఇవన్నీ అవసరమే. అయితే ఉమ్మెత్త రసం గ్లాసులో పోసేనాటికి చట్టం వచ్చి చేయి పట్టుకోదు. పక్కనున్న మనిషే పట్టుకోవాలి.

కరోనా వెళ్లిపోయింది గదా, ఇప్పుడీ చర్చ ఎందుకంటారా? వ్యాపారం వెళ్లిపోలేదు, సరుకు మారింది. 2025 మార్చిలో బెట్టింగ్ యాప్‌లను ప్రచారం చేశారన్న ఆరోపణపై హైదరాబాదులోని పంజాగుట్ట, మియాపూర్ పోలీసులు పలువురు యూట్యూబర్లు, నటుల మీద కేసులు నమోదు చేశారు. కేసు పెట్టినంతనే నేరం రుజువైనట్టు కాదు. కానీ నాడు "ఇదిగో మందు" అన్న గొంతూ, నేడు "ఇదిగో సులువైన డబ్బు" అనే గొంతూ ఒకలాగే ఉంటాయని మన పిల్లలు గుర్తుపట్టగలగాలి. దిల్‌సుఖ్‌నగర్‌లో కోచింగు కోసం గది తీసుకుని ఉంటున్న మన పిల్లవాడి చేతిలో ఫోను ఉంది, నెల ఖర్చులకు ఇంటినుంచి వచ్చిన డబ్బూ ఆ ఫోనులోనే ఉంది.

పంపేముందు నాలుగు ప్రశ్నలు

ఒక వీడియోగాని, మెసేజీగాని ఇంకొకరికి పంపేముందు ఈ నాలుగు ప్రశ్నలు వేసుకోండి. పిల్లలకూ నేర్పండి.

ఒకటి: చెప్పినవాడెవరు? ఆ విషయం చదువుకున్నవాడా, అనుభవమున్నవాడా? మందు మాటైతే మన బస్తీ దవాఖానా డాక్టరమ్మ ఏమంటుంది?

రెండు: దీనివల్ల డబ్బు ఎవరికి? వస్తువు అమ్ముడుపోవడం వల్లనా, మన భయం వల్లనా?

మూడు: ఇది ఎవరిమీద వేలు చూపుతోంది? ఆ మనిషి, ఆ మతం, ఆ బస్తీవారు మన పక్కనే కూర్చుని ఉంటే వారి ముందు దీన్ని చూపించగలమా?

నాలుగు: ఇది తప్పయితే దెబ్బ ఎవరికి? నాకా, నన్ను నమ్మినవారికా?

ఒక్క ప్రశ్నకైనా జవాబు తెలియకపోతే పంపవద్దు. పంపకపోవడం వల్ల నష్టపోయినవారు అరుదు.

పెద్దవాళ్లు తప్పుడు మెసేజీ పంపినప్పుడు గ్రూపులో అందరి ఎదుట తప్పు పట్టవద్దు. అది మన మర్యాద కాదు, ఫలితమూ ఇవ్వదు. విడిగా ఫోను చేసి, "నాయనమ్మా, నువ్వు పంపింది చూసిన. మా మంచికే పంపినవు. ఒకసారి డాక్టరుని అడిగి చూద్దమా?" అనండి. అడిగి తెలుసుకున్నది మళ్లీ ఆమెకే చెప్పండి. తప్పని తెలిశాక గ్రూపులో ఆ మాట ఆమే చెబితే మరీ మంచిది.

ఛానల్ పెడతానన్న పిల్లవాణ్ణి కసరవద్దు. ఈ కాలపు వేదిక అది. దగ్గర కూర్చోబెట్టుకుని మూడు మాటలు అడగండి: "నీకు బాగా తెలిసిన పని ఏది? అది ఎవరికి ఉపయోగం? ఎవరూ చూడకపోయినా ఆ పని చేస్తావా?" మూడో ప్రశ్నకు అవునన్న పిల్లవాడి వెనుక నిలబడండి.

కుటుంబ చర్చకు

ఈ ఆదివారం పూజనుంచి వచ్చాక, భోజనాల దగ్గర ఈ ప్రశ్నలు చర్చించుకోండి.

1. లాక్‌డౌన్‌లో మన కుటుంబానికి నిజంగా అక్కరకు వచ్చిన మాట ఏది? అది ఎవరు చెప్పారు? వారికి ఎంతమంది ఫాలోవర్లున్నారు?

2. గడిచిన వారంలో మన ఇంట్లోవాళ్లు ఏయే మెసేజీలు ఇతరులకు పంపారు? పై నాలుగు ప్రశ్నల ముందు వాటిలో ఎన్ని నిలుస్తాయి?

3. బాలాపూర్ ఊరివారు 2020లో వేలంపాట వదులుకున్నారు. మన పొరుగువారి మేలుకోసం మన కుటుంబం వదులుకోగలిగినది ఏది?

మూడో ప్రశ్నకు జవాబు మాటల్లో సరిపెట్టక, ఒక కాగితం మీద రాసి పీఠం దగ్గర పెట్టండి. వచ్చే ఆదివారం దానిని మళ్లీ తీసి చదవండి.